బిల్డ్ మీద అక్క పేరు

అక్క పోయిందన్న కబురు మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు గ్రూపులో వచ్చింది. గోపన్‌పల్లి దగ్గర మలుపులో నీళ్ల ట్యాంకర్ ఆవిడ స్కూటీని గుద్దింది. పడిపోయిన మనిషి మీదుగా వెనక చక్రం వెళ్లిపోయింది. హెల్మెట్ పెట్టుకునే ఉంది, పట్టీ బిగించుకునే ఉంది. ఇలాంటి విషయాల్లో ఆవిడ ఏనాడూ తప్పలేదు. డ్రైవర్ దూకి పారిపోతే జనం ట్యాంకర్ అద్దాలు పగలగొట్టి, టైర్లు కోశారట. మేం వెళ్లేసరికి ఆవిడను తీసుకెళ్లిపోయారు. రోడ్డంతా గాజుపెంకులు, నీళ్లు, ఒక చెప్పు.

నేను ఆవిడకు తమ్ముణ్ణి కాను. ఆఫీసులో మేనేజర్లతో సహా అందరూ అక్క అనే పిలిచేవారు. పుప్పాలగూడ ఆవిడ సొంత ఊరు. ఇప్పుడు నలభై అంతస్తులు లేచిన చోట చిన్నప్పుడు గొర్రెలు కాసిన బంధువులున్నారు ఆవిడకు. డేటా ఎంట్రీలో చేరి, టెస్టింగ్‌లోకి మారి, చివరికి మా కంపెనీలో బిల్డ్‌లన్నిటికీ పెద్దదిక్కయింది. నాకు పని నేర్పింది ఆవిడే. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోతుందని మొదట అనుకున్నాను. కానీ మంచి మాటలంటే ఆవిడకు గిట్టేది కాదు. పైగా ఆవిడ గురించి నిజం చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి. ఐదేళ్లుగా అది చేతకాకే నోరు మూసుకుని కూర్చున్నాను.

అక్కది ముక్కు మీద కోపం. చేరిన మొదటి వారంలోనే చూశాను. ఎవరో కుర్రాడు సరిగా చూడకుండా ఒక ప్యాకేజీ వెర్షన్ మార్చేసి బిల్డ్ పాడు చేశాడు. అక్క తన చేతిలోని మౌస్‌ను గోడకేసి కొట్టింది. అది రెండు ముక్కలై, లోపలి చిన్న చక్రం దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. నేను బందరు వాణ్ణి. మా వైపు కోపం వస్తే ముందు వెటకారం చేస్తారు, తర్వాత అరుస్తారు. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా సామాన్లు విసిరే ఆడమనిషిని అదే చూడటం. బిల్డ్ మొదలుపెట్టే ముందు ఆవిడ గాజులు తీసి మానిటర్ పక్కన పెట్టుకునేది. ఇదేదో భక్తి అనుకుని అడిగాను. 

"బల్ల గుద్దితే పలుగుతున్నయ్‌రా. మొన్న గుచ్చుకొని నెత్తురొచ్చింది," అంది.

ఆవిడ స్టీలు నీళ్ల సీసా నిండా సొట్టలు. ఒక్కో సొట్టా ఎప్పుడు పడిందో మాకు గుర్తుండేది. ఆ సొట్ట కెమెరా టీం, ఈ సొట్ట ఫలానా మేనేజర్ అని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆవిడ వినపడేంత దూరంలో లేనప్పుడు మాత్రమే.

చదివేవాళ్లలో మా పని తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి కాస్త చెప్తాను. మా కంపెనీ గేట్లకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. తెల్లాపూర్ వైపు పెద్ద పెద్ద కాలనీల ముఖద్వారం దగ్గర కారు ఆగగానే కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ పైకి లేస్తుంది. కారు దాటాక దిగుతుంది. దిగేటప్పుడు కింద మనిషిగానీ బండిగానీ ఉందేమో చూసేందుకు స్తంభానికి ఒక సెన్సార్ ఉంటుంది. ఇదంతా నడిపే ప్రోగ్రామ్‌ను ఎవరూ మొదటి నుంచి చివరి దాకా సొంతంగా రాయరు. ఎవరెవరో రాసి పెట్టిన ముక్కలు తెచ్చి కలుపుతాం. వాటిని ప్యాకేజీలంటారు, అలా అన్నీ కలిపి కట్టి బయటికి పంపే ప్రోగ్రామ్‌ను బిల్డ్ అంటారు. ఒక్కో ప్యాకేజీ ఇంకో నాలుగు ప్యాకేజీల మీద ఆధారపడుతుంది. అన్నిటికీ పాత వెర్షన్లు, కొత్త వెర్షన్లు ఉంటాయి. కెమెరా టీంకు ఒక ప్యాకేజీ కొత్తది కావాలి, సెన్సార్ టీంకు అదే ప్యాకేజీ పాతది కావాలి. రెండు టీముల పనీ ఒకే ప్రోగ్రామ్‌లో ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. అప్పుడు బిల్డ్ ఆగిపోయి తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి.

ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉంటే అన్నీ పొసిగాయో, అది మొత్తం రాసి ఉండే ఫైలు ఒకటుంటుంది. దాన్ని లాక్ ఫైల్ అంటాం. ప్రతిసారీ దాన్ని చూసే బిల్డ్ కట్టాలి. దాన్ని చెరిపేస్తే కంప్యూటర్ ఎక్కడ ఏ కొత్త వెర్షన్ కనపడితే అది తెచ్చి పెట్టుకుంటుంది. పొసగకపోయినా పెట్టమని బలవంతం చేసే ఆజ్ఞ కూడా ఒకటుంది. అది వాడితే ఎర్ర అక్షరాలు పోతాయి, పచ్చ లైటు వెలుగుతుంది. అక్కకు ఆ పచ్చ లైటంటే పరమ అసహ్యం.

"ఎర్రది నీతోని కొట్లాడుతది, నీ ముందర్నే. పచ్చది ఎన్క నుంచి పొడుస్తది," అనేది.

రెండు టీములు వెర్షన్ దగ్గర పేచీ పడితే ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఇరువైపుల వాళ్లనూ చిన్న మీటింగ్ రూములోకి పంపేది. అంతకుముందే నా చేత అందులోని కుర్చీలన్నీ బయట పెట్టించేది. తలుపు దగ్గర తానే నిలబడేది. తేలేదాకా ఎవరూ కూర్చోకూడదు, టీ లేదు, ఫోను లేదు.

"కూసుంటే తెల్లార్లు మాట్లాడ్తరు. కాళ్లు గుంజితే అకల్ వస్తది," అని ఆవిడ సిద్ధాంతం. అకల్ అంటే బుద్ధి.

ఒకసారి ఆ గదిలో నిజంగానే కొట్టుకున్నారు. మీకు చెప్పిన ఆ ప్యాకేజీ దగ్గరే, సెన్సార్ నుంచీ కెమెరా నుంచీ కబుర్లు మోసే చిన్న ప్యాకేజీ. కొత్తది ఇవ్వకపోతే రాత్రిపూట నంబరు ప్లేట్లు చదవలేమని కెమెరా టీం పెద్ద. కొత్తది గేటు మీద పెట్టి చూసేదాకా ముట్టుకోనివ్వనని సెన్సార్ టీం పెద్ద. ఇద్దరూ ఐఐటీల్లో చదివినవాళ్లే. గంటన్నర నిలబడ్డాక కెమెరా టీం పెద్ద అవతలాయన మెడలోని ఐడీ కార్డు తాడు పట్టుకుని గుంజాడు. తాడు తెగి ఆయన మెడ మీద ఎర్రగా చార పడింది. ఆయన తిరిగి గుద్దితే ఇతగాడి పెదవి పగిలి చొక్కా మీద నెత్తురు కారింది. అక్క మధ్యలో దూరి నీళ్ల సీసాతో ఇద్దరి భుజాల మీదా చెరొకటి వేసింది. వాళ్లు విడిపోయి చెరో గోడకూ ఆనుకున్నారు.

"అయ్యిందా? గిప్పుడు చెప్పున్రి. కొత్తదాంట్ల ఏం మారింది? ఎవలన్న సదివిన్రా?" అని అడిగింది.

ఎవరూ చదవలేదు. ఆవిడ ఫోనులో తెరిచి, పెదవి పగిలినాయన చేతికిచ్చి, గట్టిగా చదవమంది. ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చదివాడు. అందులో ఒక వాక్యం ఉంది. ఇదివరకు సెన్సార్ నుంచి జవాబు రాకపోతే కింద ఏదో ఉందనుకుని కడ్డీ ఆగిపోయేది. కొత్త వెర్షన్‌లో జవాబు రాకపోతే కింద ఏమీ లేదనుకుంటుంది. అలా కాదని మనం విడిగా చెప్పుకోవాలి. సెన్సార్ వాళ్లు సరిదిద్ది, నిజం గేటు మీద పెట్టి చూసేదాకా పాతదే ఉంచాలని తీర్మానమైంది. ఆ మాట లాక్ ఫైల్‌లోకి ఎక్కింది. కుర్చీలు మళ్లీ లోపలికి మోయడానికి తలుపు బయటే కాచుకున్న నేను ఈ మాటలన్నీ విన్నాను. విననివాడు చేసిన తప్పైతే వేరు.

నాకు ఆవిడ ఎంత నేర్పిందో చెప్పకపోతే అన్యాయం. ఒకేసారి పది ప్యాకేజీలు మారిస్తే చెయ్యి మీద కొట్టేది. "ఒక్కదాన్ని కదిలియ్. బిల్డ్ జెయ్యి. సూడు. అటెన్క ఇంకోటి," అనేది. కొత్త ప్యాకేజీ తెస్తానంటే, దాన్ని ఎవరు రాస్తున్నారు, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు, అది ఇంకా వేటిని వెంటేసుకొస్తుంది అని ప్రాణం తోడేసేది. "పెండ్లికి ఒక్కన్ని పిలుస్తె వెన్క ఎంతమంది వస్తరో సూసుకోవా?" అనేది. ఆ తిట్లు తిని తిని నేను మనిషినయ్యాను. రెండేళ్ల తర్వాత ఒకరోజు నన్ను పక్కకు పిలిచి తన ఆమోదం పాస్‌వర్డ్ చెప్పింది. ఆ పాస్‌వర్డ్ కొడితేనే బిల్డ్ బయటికి పోతుంది, దాని మీద ఆవిడ పేరు పడుతుంది.

"నేను లేనప్పుడు ఆగమైతరని ఇస్తున్న. వాడే ముందట నాకు ఫోన్ జెయ్యి. దవాఖానల ఉన్నా ఎత్తుత," అంది.

ఆ తర్వాత ఆర్నెల్లకు ఒక శుక్రవారం ఆవిడ నిజంగానే దవాఖానలో ఉంది. అత్తగారికి కంటి ఆపరేషన్. తెల్లాపూర్‌లో ఒక కాలనీకి మా గేట్లు శనివారం పెట్టాలి. పాత వెర్షన్‌తో ముందుగా పెట్టి చూస్తే కెమెరా ప్లేట్లు చదవడం లేదని అక్కడి నుంచి గోల. మేనేజరు నా వెనకే నిలబడి ఊపిరి నా మెడ మీద వదులుతున్నాడు. సెన్సార్ వాళ్లు ఇంకా సరిదిద్దలేదు. కొత్తది పెడితే ఎర్ర అక్షరాలు, తీస్తే కెమెరా పనిచేయదు. ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే ఆపమంటుందని తెలుసు. తెలుసు కాబట్టే చేయలేదు. లాక్ ఫైల్ చెరిపేశాను. బలవంతపు ఆజ్ఞ కొట్టాను. పచ్చ లైటు వెలిగింది. అక్క పాస్‌వర్డ్ కొట్టాను. మేనేజరు నా వీపు తట్టాడు. నాకు సంతోషం కూడా వేసింది, అది దాచను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడలేదనుకున్నాను.

ఆదివారం పొద్దున ఆ గేటు దగ్గర సెన్సార్ తీగ వదులై జవాబివ్వడం మానేసింది. వాచ్‌మన్ ఒకాయన, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చినవాడు, కడ్డీ కింద పడిన ప్లాస్టిక్ కోన్ తీయడానికి వంగాడు. కడ్డీ దిగింది. ఆయన లేస్తూ ముఖం పైకెత్తాడు. కడ్డీ ఎడమ కంటి మీద పడింది. కింద పడ్డవాడు కడ్డీ అంచు పట్టుకునే లేవబోయాడు. ఈలోగా వెనక కారు వచ్చింది. కెమెరా ప్లేటు చదివింది, ఆ పని మాత్రం శుభ్రంగా చేసింది. కడ్డీ లేచి మళ్లీ దిగింది. అలా మూడుసార్లు. మూడో కారాయన హారన్ కొట్టాడట. వీడియో నేను చూశాను, చూడాల్సి వచ్చింది. శబ్దం లేని వీడియో అయినా నా చెవుల్లో అది చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఆయన చెంప ఎముక నలిగిపోయింది. కన్ను పోయింది.

సోమవారం ఆయన మనుషులు మా ఆఫీసుకు వచ్చారు. పన్నెండు మందో పదిహేను మందో. తాపీ పనివాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, వాచ్‌మన్ భార్య, ఆమె తమ్ముడు. ఆ తమ్ముడు గ్రానైట్ పని చేస్తాడు, చేతులు రాళ్లలాగే ఉంటాయి. లాబీలో గాజు తలుపు పగిలింది. రిసెప్షన్ బల్ల తిరగబడింది. మా సెక్యూరిటీ వాళ్లు ముందుకు పోలేదు, గాయపడింది వాళ్లలాంటి మనిషే. నేను మొదటి అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడి చూస్తున్నాను. మేనేజర్లంతా లిఫ్టు దగ్గరే ఆగిపోయారు. అక్క మెట్ల మీదుగా దిగింది.

"ఎవడు జేసిండు గిది? వాన్ని బయటికి తోలుండ్రి," అన్నాడు తమ్ముడు. వరుసలు కట్టడానికి పెట్టే ఇనుప స్టాండు ఒకటి అతని చేతిలో ఉంది.

"నేనే. దాని మీద నా పేరే ఉన్నది," అంది అక్క.

అతను ఆలోచించలేదు. స్టాండు ఎత్తి కొట్టాడు. ఆవిడ తల కాచుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు పై అంతస్తులో వినపడింది. ఆవిడ కూలబడి, మళ్లీ లేచి నిలబడింది. ముంజెయ్యి మధ్యలో వంగిపోయి ఉంది. రెండో దెబ్బకు అతను చెయ్యి ఎత్తాడు గానీ, వాచ్‌మన్ భార్య కేక వేసి అతన్ని చుట్టేసుకుంది. అప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. పోలీసులు వచ్చాక అక్క కేసు పెట్టనంది. కాలు జారి పడ్డానని రాయించింది. ఎస్సై నమ్మలేదు, అయినా రాసుకున్నాడు.

ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ రాసుకునే లాగ్‌లు చూసి ఆవిడ పది నిమిషాల్లో నిజం కనిపెట్టేసిందని నాకప్పటికి తెలియదు. మూడో రోజు కట్టుతో ఆఫీసుకొచ్చి, నన్ను పార్కింగ్ సెల్లార్‌లోకి పిలిచింది. ఎడమ చేత్తో చెంప పగలగొట్టింది. నా కళ్లజోడు ఎగిరి కారు కింద పడింది.

"లాక్ ఫైల్ ఎందుకు తీసినవ్‌రా?" 

నేను ఏడ్చాను. పైకి వెళ్లి అందరి ముందూ చెప్పేస్తానన్నాను. అన్నాను గానీ వంగి కారు కింద కళ్లజోడు వెతుక్కున్నాను. ఆవిడ అది కూడా చూసింది.

"మరి మీరెందుకు ఒప్పుకున్నారక్కా?" అని అడిగాను.

"నిన్ను దింపితే సంపుతుండిరి. నన్నైతే ఆడదని ఒక్కటేసి ఆగిన్రు. ఇంకోటి, ఆ పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే గదా. సగం నాది. మిగిలిన సగం నీది, దాన్ని నువ్వే మొయ్యాలె. నేనైతే ఎవలకు జెప్ప. ఆ మనిషికి నువ్వే జెప్పాలె. ఎన్నడు జెప్తవో నీ ఇష్టం."

తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. కంపెనీకి ఒక పేరు కావాలి, అక్క పేరు సిద్ధంగా ఉంది. వాచ్‌మన్‌కు వైద్యం చేయించారు, గేట్లు మార్చారు, అక్కను పెద్ద పదవి నుంచి దించారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను. ఆవిడ నా కింద ఐదేళ్లు పనిచేసింది. కుడి చెయ్యి మళ్లీ పూర్తిగా చాపలేకపోయింది. ఎడమ చేత్తో టైపు చేసేది, నాకంటే వేగంగానే. కోపం ఏమీ తగ్గలేదు. నేను పెద్దనైనా నా వెర్షన్ మార్పులు అందరి ముందూ చించి పారేసేది. కొత్తగా చేరినవాళ్లు ఈ ముసలావిడను ఎందుకు భరిస్తున్నారు సార్ అని నన్నడిగేవారు.

రెండేళ్లయ్యాక ఒకసారి క్యాంటీన్ బయట ఇరానీ చాయ్ తాగుతుంటే ఉన్నట్టుండి అడిగింది.

"జెప్పినవా?"

"లేదక్కా," అన్నాను. 

ఆవిడ వేడి చాయ్ గ్లాసును గోడకేసి కొట్టింది. నాలుగు చుక్కలు పడి నా చెయ్యి కాలింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. అదే నన్ను ఎక్కువ తొలిచింది. వాచ్‌మన్ గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ గదిలో ఉంటున్నాడని నాకు తెలుసు. రోజూ ఆ వీధి మీదుగానే ఆఫీసుకు పోతాను. ఆ గేటు వచ్చేసరికి హెల్మెట్ అద్దం దించుకునేవాణ్ణి.

పుప్పాలగూడలో ఆవిడ అంతిమయాత్రకు మా ఆఫీసు వాళ్లం ముప్పై మంది వెళ్లాం. డప్పులు మోగుతున్నాయి. ముఖం చూపించలేదు, చూపించేలా లేదు. ఒక్క కుడి చెయ్యి మాత్రం గుడ్డ బయట ఉంది, ఆ వంకర ఎముకతో. ఆ వంకర ఎలా వచ్చిందని పక్కనున్న కుర్రాడు అడిగాడు. ఎప్పుడో ఎవరో కొట్టార్లే అని ఇంకొకరు చెప్పారు. నాకు అప్పటికప్పుడు ఆ ఇద్దర్నీ కొట్టాలనిపించింది. ఎవర్ని కొట్టాలో తెలిసే, వాళ్ల మీద కోపం తెచ్చుకున్నాను.

కర్మ అయ్యాక వచ్చిన ఆదివారం పొద్దున గోపన్‌పల్లి వెళ్లాను. వాచ్‌మన్ సెల్లార్ మొదట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బీరకాయ తొక్క తీస్తున్నాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట చర్మం లోపలికి కుట్టేసినట్టు ఉంది. ఆయన బావమరిది, ఆ గ్రానైట్ పనివాడు, మెట్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. ఐదేళ్లలో జుట్టు నెరిసింది. నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. ఈసారి ఎగిరి పడకూడదనే.

"మీరు గేటు కంపెనీ సారు గదా," అన్నాడు వాచ్‌మన్. "దవాఖానకు వచ్చిన్రు ఒకపారి. ఏంది గిట్ల వచ్చిన్రు?"

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. లాక్ ఫైల్, వెర్షన్ అని కాకుండా, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాను. ఆ మార్పు ప్రమాదమని ముందే తెలుసు. పెట్టొద్దని అక్క ఆపింది. ఆవిడ లేనప్పుడు నేను పెట్టాను, ఆవిడ పేరు మీద పెట్టాను. ఆ రోజు లాబీలో ఆవిడ చెప్పింది అబద్ధం. తప్పు నాదండి, ఆవిడది కాదు. కొట్టాల్సింది నన్ను. ఇంతే చెప్పాను. చెప్పి, బావమరిది వైపు తిరిగి నిలబడ్డాను. చేతులు కట్టుకోలేదు.

వాచ్‌మన్ బీరకాయ కింద పెట్టాడు. "ఆమె ఏడున్నది ఇప్పుడు?" అని అడిగాడు.

"చనిపోయారండి. పన్నెండు రోజులైంది. ట్యాంకర్ గుద్దింది."

బావమరిది లేచాడు. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అతను నన్ను చూడటం లేదు, తన కుడి అరచేతిని చూసుకుంటున్నాడు.

"ఇరిగిన సప్పుడు నాకు ఇనొచ్చింది," అన్నాడు. "మొగోన్ని కొట్టినట్టు కొట్టిన. ఆడిమనిషిని. ఏం జెయ్యనిదాన్ని." ఆ అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. "బావ కన్ను దీసింది గీమెనే గదా అని అనుకొని పండుకుంటుంటి సారు, ఇన్నేండ్లు. బత్కి ఉన్నప్పుడు జెప్తే పోయి కాళ్లు మొక్కుతుంటి. గిప్పుడు జెప్తవా? గిప్పుడు ఎవల కాళ్లు మొక్కాలె నేను?"

ఐదేళ్లూ నా సగం బరువు అక్క ఒక్కతే మోసిందనుకున్నాను. ఇక్కడ ఇంకొకడు మోస్తున్నాడని, ఇప్పుడు దాన్ని దించే చోటు కూడా లేకుండా చేశానని అప్పటిదాకా నా బుర్రకు తట్టనే లేదు. నన్ను కొట్టండి అన్నాను. నిజంగా బతిమాలాను.

అతను సెల్లార్ పిల్లర్ దగ్గరికి నడిచి, ఆ కుడి చేతిని పిల్లర్ అంచుకేసి కొట్టాడు. మెల్లగా కాదు. మళ్లీ కొట్టాడు. వాచ్‌మన్ కుర్చీ తన్నుకుంటూ లేచి, వెనక నుంచి అతన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "వద్దురా, ఇడువురా," అంటున్నాడు. అతను ఊరుకోవడం లేదు. వేళ్ల మీద చర్మం చిట్లి సున్నం మీద ఎర్రగా అంటుకుంటోంది. లోపలి నుంచి వాచ్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చి తమ్ముడి మోచెయ్యి పట్టుకుని వేలాడింది.

వాచ్‌మన్ ఆ ఒక్క కంటితో నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను, లేదు.

"మీరు పోండ్రి సారూ," అన్నాడు. "మీరు ఈడుంటే ఆగడు."

బండి తోసుకుంటూ గేటు దాకా వచ్చాను. అతను ఇంకా కొడుతూనే ఉన్నాడు.